గట్టు మీద మనిషి

నారు కట్ట గాలిలో ఒక్క తిప్పు తిరిగి, వంగి నాటుతున్న రిబ్కా వెనక అడుగు దూరంలో నిటారుగా పడింది. ముప్ఫయ్యేళ్ళుగా అంతే. శాలేమురాజు గట్టు మీంచి విసిరితే కట్ట మనిషికి తగలదు, బురద చిందదు. మోసి మోసి అతని ఎడమ భుజం కిందికి జారిపోయింది. పిక్కల మీద బురద ఎండి పగుళ్ళు బారింది.

అమృతలూరు మాలపల్లె ఆడవాళ్ళు నాట్లకు వెళ్తే వెంట పల్లె మగవాడొకడు ఉండాలి. పెద్దల నాటి కట్టు అది. నారందించడం పేరుకే, అసలు పని కాపలా. ఆ సంగతి ఆసాములకీ తెలుసు. తను ఏపాటి కాపలా కాశాడో శాలేమురాజుకు తెలుసు.

"ఆదివారం చర్చి ముందు మన మగాళ్ళు మీసాలు దువ్వుతారు. మన ఆడోళ్ళ మీద చెయ్యి పడితే ఊరుకునేది లేదంటారు. సోమవారం గట్టెక్కితే మెడ వంగిపోద్ది. అంతేగా అన్నా?" అంది రిబ్కా, తలెత్తకుండానే. వరసంతా నవ్వింది. అతను నవ్వలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఇదే చేలో, ఇప్పటి ఆసామి తండ్రి మంచినీళ్ళ వంకన శాలేమురాజు భార్య కుమారిని మోటారు షెడ్డులోకి పిలిచాడు. శాలేమురాజు చూశాడు. చూసి, చెయ్యి ఖాళీ లేనివాడిలా కట్టలు గబగబా విసిరాడు. ఆమె తిరిగొచ్చి పొద్దుగూకే దాకా నాటింది. ఇంటికెళ్ళాక "నువ్వు చూశావుగా" అని ఒక్క మాటంది. తెల్లారి పెనుమూడిలోని పుట్టింటికి పోయింది. మళ్ళీ రాలేదు. పల్లెలో ఎవరూ ఎందుకని అడగలేదు. అడిగితే ఎవరింటి సంగతి వాళ్ళూ చెప్పాల్సొచ్చేది.

పదకొండు దాటాక ఆసామి బ్రహ్మాజీ తెనాలి నుంచి బుల్లెట్టు మీద వచ్చాడు. ఎగదోపుకున్న చీరలన్నీ నీళ్ళలోకి దిగాయి. మాటలాగిపోయాయి. అతని అడుగులు వరస చివర, కీర్తన దగ్గర ఆగాయి. శాలేమురాజు తమ్ముడి కూతురామె. డిగ్రీ మధ్యలో మానేసి ఈ ఏడే చేలోకి దిగింది.

"అమ్మాయ్, షెడ్డులోకి మంచినీళ్ళు పట్టుకురా," అని బ్రహ్మాజీ తనే ముందు నడిచి లోపలికెళ్ళాడు.

కీర్తన నడుమెత్తి పెదనాన్న వంక చూసింది. పన్నెండు మంది చేతులూ నీళ్ళలోనే ఉన్నాయి గాని నాటు పడటం లేదు. అతని చేతిలోని కట్ట నుంచి నీళ్ళు మోచేతి దాకా పాకాయి.

కట్ట కింద పెట్టాడు. "నువ్వు నాటుకోమ్మా," అన్నాడు. గట్టు వెంట షెడ్డు వైపు నడిచాడు. రిబ్కా ఈసారి ఎకసెక్కమాడలేదు.

షెడ్డు ముందు అలవాటు కొద్దీ చెప్పులు విడిచి, గడప మీద అడ్డంగా కూర్చున్నాడు.

"ఏంట్రా, నిన్ను పిలిచానా?" అన్నాడు బ్రహ్మాజీ.

"లేదండి."

"మరి లే."

"లేవనండి. పిల్ల రాదండి."

చెంపదెబ్బ చప్పుడు చేలోకి వినిపించింది. రెండోదీ వినిపించింది. శాలేమురాజు ద్వారబంధం పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. దెబ్బదెబ్బకీ రాదండి అన్నాడే గాని, ఆ అండి మాత్రం మానలేకపోయాడు.

రిబ్కా గట్టెక్కింది. వెనకే అందరూ ఎక్కారు. ఎవరూ అరవలేదు. బురద చేతులతో వచ్చి షెడ్డు ముందు నిలబడ్డారు. బ్రహ్మాజీ వాళ్ళని చూసి, శాలేమురాజుని దాటుకుని బయటికొచ్చాడు. రేపట్నించి వీడు ఈ చుట్టుపక్కల ఏ గట్టు మీదా కనబడకూడదని చెప్పి బండెక్కాడు.

శాలేమురాజు బోదె కాలవలో మొహం కడుక్కుని రోడ్డు వైపు నడిచాడు. "ఎక్కడికి అన్నా?" అని రిబ్కా అడిగింది.

"రేపల్లె బస్సుకి. అక్కణ్ణించి పెనుమూడి."

"వెళ్ళి వదినకేం చెబుతావు?"

"ఏం చెప్పినా, ఇప్పుడా అంటది," అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

నాటాల్సిన చేను ఇంకా మిగిలింది. ఆడవాళ్ళు మళ్ళీ దిగారు, నారు వాళ్ళే మోసుకున్నారు. పొద్దు వాలాక కీర్తన షెడ్డు వైపు చూసింది. గడప ముందు రబ్బరు చెప్పులు జంటగా, మడమలు బయటికి తిరిగి, ఎడమదాని పట్టీకి పిన్నీసుతో అలాగే ఉన్నాయి.