కొళాయి గుంత

నీళ్ల విషయంలో మా వీధిలో నన్ను మించిన పిసినారి లేదు. కదిరిలో మా పక్క కొళాయి ఐదు రోజులకొకసారి వస్తుంది, అదీ ఒక్క గంట. ధార పైకెక్కదు కాబట్టి ఇంటి ముందు నడుములోతు గుంత తవ్వి, కొళాయిని అందులోకి దించుకున్నాం. గుంతలో దిగి బిందె పట్టుకుని, గట్టెక్కి మోసుకోవాలి. అంత కష్టపడి పట్టిన నీళ్లు ఎవరైనా ఒలకబోస్తే నేనూరుకోను. నా నోటికి వీధంతా జడుస్తుంది.

నా కోడలు అంజలి మాత్రం జడిసేది కాదు. నేను తిట్టి తిట్టి అలిసిపోయాక, "అయిపోయిందా అత్తా, కాఫీ పెట్టేదా?" అని నవ్వేది. నల్లమాడ పిల్ల. అక్కడ వాళ్ల బోరు ఎండిపోయింది, అందుకని వాళ్లమ్మ భద్రమ్మ ఏడో నెలలో కాకుండా తొమ్మిదో నెలలో పురిటికి తీసుకెళ్తానంది. నా కొడుకు ఓబిలేష్ ధర్మవరంలో మగ్గం నేస్తాడు, ఆదివారాలే ఇంటికి వస్తాడు. మిగతా రోజులు నేనూ, అదీ.

దానికి ఏడో నెల. మార్చిలో ఒక నీళ్ల రోజున గ్లాసు నోటిదాకా తెచ్చుకుని దించేసింది.

"అత్తా, నీళ్లు గబ్బు కొడతాండాయి. లెట్రిన్ వాసన."

"కడుపుతో ఉండావు. నీకు అన్నీ వాసనే."

"కాదత్తా, చూడు, మొదట వచ్చినేటివి పచ్చగా ఉండాయి. జోయలన్నను పిలుద్దామా?"

జోయల్ మా పేటలో పైపుల పని చేస్తాడు. వస్తే గుంత తవ్వుతాడు, కొళాయి విప్పుతాడు. ఆ పని నీళ్ల రోజుదాకా సాగిందంటే మళ్లీ ఐదు రోజులు చుక్క ఉండదు. ఎండలు ముదురుతున్నాయి. కడుపుతో ఉన్న పిల్లను పెట్టుకుని నీళ్లు లేకుండా ఎలా అనుకున్నాను. దాని కోసమే అనుకున్నాను, దేవుడా!

అది రెండు బిందెలు కాలువలో పారబోయబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఏమే, మీ నాయన బోరు ఈడికి తెచ్చిచ్చినాడా? పటిక తిప్పితే అంతా అడుక్కి దిగిపోతాది. నేను తాగుతా, చూడు."

దాని ముందే ఒక చెంబెడు గటగటా తాగాను. కాసేపు నన్నే చూసి, అదీ తాగింది.

అలా నెలపైనే తాగాం. కొళాయి రాని రోజుల్లో కూడా గుంతలో తడి ఆరేది కాదు. గుంత పక్కనే ఉన్న మా మరుగుదొడ్డి గోడ కింద మన్ను మెత్తబడింది. ఈ ఎండల్లో ఊరికే వచ్చే తడి ఎందుకు పోగొట్టుకోవాలని అక్కడ కరివేపాకు మొక్క నాటాను. బుద్ధి లేనిదాన్ని.

ఏప్రిల్ చివర్లో అంజలికి జ్వరం, వాంతులు. కళ్లు పచ్చబడ్డాయి. అనంతపురం తీసుకుపోయాం. తాగేనీళ్లలో మురుగు కలిస్తే ఇలాంటి కామెర్లు వస్తాయనీ, మామూలు మనుషులు తట్టుకుంటారు గానీ నిండు కడుపుతో ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. రెండో రోజుకు అంజలి మనుషులను గుర్తుపట్టడం మానేసింది. నన్ను చూసి "అమ్మా" అంది. నేను కాదనలేదు, తల నిమిరాను. మూడో రోజు పోయింది. కడుపులో బిడ్డా పోయింది.

దినాలు కాకముందే ఓబిలేష్ జోయల్‌ను పిలిపించి గుంత పక్కన తవ్వించాడు. మరుగుదొడ్డి పైపు అతుకు విడిపోయి ఉంది. దాని కిందే మా కొళాయి పైపు, తుప్పుపట్టి చిల్లుపడింది. కొళాయి ఆగినప్పుడల్లా మురుగు ఆ చిల్లులోంచి లోపలికి పోయేదట.

"వాసన వచ్చిన పూటే తాగడం ఆపేసి నన్ను పిలవాల్సిండె అక్కా," అన్నాడు జోయల్. "అరపూట పని."

అంజలి తల్లి భద్రమ్మ అరుగు మీద కూర్చుని ఉంది.

"వదినా, నా బిడ్డకు ముక్కు బాగా తెలిసేది. ఇంత గబ్బు దానికి తెలియలేదా?"

జోయల్‌తో పాటు మన్ను తీస్తున్న ఓబిలేష్ పార ఆపి నా వైపు చూశాడు. వాడికి ఏమీ తెలియదు. తెలియలేదు అని నేనొక్క మాట అంటే సరిపోయేది. కాదనడానికి అంజలి లేదు.

"తెలిసింది వదినా. జోయల్‌ను పిలుద్దామనింది. పారబోస్తాంటే నేనే చెయ్యి పట్టుకున్నా. తిట్టి తాపించినా."

భద్రమ్మ అరుగు దిగి నా దగ్గరికొచ్చి అడిగింది.

"నువ్వూ తాగినావా?"

"తాగినా వదినా. దానికంటే ఎక్కువే తాగినా."

ఆమె నన్ను కాళ్ల నుంచి తలదాకా చూసింది.

"మరి నీకేమీ కాలేదే," అంది.