కల్పలత చాబీ

“ఈ అడ్డాల మీ బండి చక్రానికి ఎవ్వడూ చెయ్యి పెట్టడు. ఇది నా మాట.”

రెజిమెంటల్ బజార్ ట్రాలీల అడ్డాలో, మెడనిండా దండలతో, మైకు పట్టుకుని వార్డు నాయకుడు అన్న మాట ఇది. ఆ రోజు ఆయన టీ గ్లాసు పెట్టుకున్నది కల్పలత పాత పికప్ బానెట్ మీదే. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది కూడా ఆమే.

ఆ పికప్‌తో ఇళ్ల సామాన్లు మోయడం ఆమె బతుకుతెరువు. రోజూ పొద్దున వచ్చి, ఒక్కొక్కరి పేరు పలుకుతూ తన బండి చాబీ తిప్పేది. ఎవరి పేరు పలికితే వాళ్ల బండి స్టార్టయ్యేది. తన పేరు పలికితే మాత్రం ‘టక్’మనేది, అంతే. అప్పుడు అందరూ కలిసి ఆమె బండిని తోసి స్టార్ట్ చేసేవాళ్లు. అడ్డాలో పని అలాగే మొదలయ్యేది.

“ఏటమ్మా, ఇంకా టీ తాగతన్నావా? నా లోడు యాప్రాల్ ఎల్లాల. ఓపాలి తిప్పు,” అనేవాడు సన్యాసిరాజు.

“ఆగు బాబాయ్. నిన్ను పిన్ని లేపాలె, నీ బండిని నేను లేపాలె. ఇంక నువ్వెందుకు మరి?”

దసరా వెళ్లిన వారానికి క్రేన్ వచ్చింది. వెంట ఒక అధికారి దిగాడు.

“సొంతంగా స్టార్ట్ కాని బండి తుక్కు కింద లెక్క. తోసుడు లేదు, పక్క బండి బ్యాటరీ నుంచి కేబుల్ వేసుడు లేదు. చాబీ తిప్పి చూపించండి. కాలేదంటే ఎత్తుకుపోతాం.”

మెకానిక్ తుకారాం బానెట్ ఎత్తాడు. బ్యాటరీ టెర్మినల్స్ గీకాడు. ఎర్త్ వైరు బిగించాడు. సెల్ఫ్ మోటారును పానాతో రెండు దెబ్బలు కొట్టాడు. లైట్లు వేసి తిప్పమన్నాడు. లైట్లు మసకబారలేదు, ఇంజిన్ కదలలేదు.

“కరెంటు మంచిగనే పోతున్నదక్కా. నీ సెల్ఫ్‌కు గాదు, పక్క బండ్లకు పోతున్నది.”

“పోనీయ్‌రా. దొంగలకైతే పోతలేదు గద.”

అధికారి నవ్వాడు. “ఈ డబ్బా మీద ఇంత ప్రేమెందుకమ్మా? లోను మీద కొత్తది తీసుకో.”

“కిస్తీలు మీ లీడర్ సారు కడతడా? ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తనే ఎత్తడు.”

నిజమే. ఓట్ల ముందు ప్రతి గడపలో మోగిన ఆ గొంతు ఇప్పుడు మూగబోయింది. దీన్నే వీళ్లు ప్రజాసేవ అంటారు.

క్రేన్ కొక్కెం పికప్ మీదికి దిగింది. కల్పలత స్టీరింగ్ వదలలేదు.

సన్యాసిరాజు తన క్యాబిన్ ఎక్కి, ఇంజిన్ ఆపాడు. “కల్పలత,” అని చాబీ తిప్పాడు. అతని బండి ‘టక్’మంది. పక్క బండిలో విజయేందర్, ఆ పక్కన సదాశివ, వరసలో అందరూ. ఐక్యత వర్ధిల్లాలని మనం గోడల మీద రాస్తాం, రంగు ఆరకముందే మరిచిపోతాం. అక్కడ ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఒక్క పేరు పలుకుతూ తమ స్టార్టు ఆమెకు ఇచ్చేశారు. క్రేన్ డ్రైవర్ జెరెమియా అధికారి వైపు ఒకసారి చూసి, తన ఇంజిన్ కూడా ఆపాడు. అతని పెదవులు కదిలాయి.

కల్పలత చాబీ తిప్పింది.

నల్లటి పొగ కక్కుతూ పికప్ గర్జించింది. కల్పలత దాన్ని కొక్కెం కిందనుంచి బయటికి తీసి, తల పైకెత్తి, అడ్డా చుట్టూ ఒక చక్కర్ కొట్టింది. అంత నిటారుగా కూర్చున్న మనిషిని ఆ బజార్ చూసి చాలా కాలమైంది.

“సరే, పద,” అన్నాడు అధికారి క్రేన్ వైపు తిరిగి.

“స్టార్టయితలేదు సార్. సెల్ఫ్ ప్రాబ్లం.” జెరెమియా కిటికీలోంచి తల బయటపెట్టాడు. “అక్కా, జెర నా పేరు కూడా అను.”

“అంటా తమ్మీ. నిన్ను పంపినోడు ఎవడో ముందు చెప్పనీ.”

మర్నాటి నుంచి మళ్లీ ఆమె చాబీతోనే అందరి బండ్లూ స్టార్టవుతున్నాయి. ముందు వాళ్లంతా ఆమె పేరు పలికి చాబీలు తిప్పుతారు కాబట్టి, ఆమె బండిని మాత్రం ఇప్పుడు ఎవరూ తోయనక్కర్లేదు. క్రేన్ అక్కడే ఉంది. జెరెమియా దాని నీడలో టీ తాగుతూ డ్యూటీ చేస్తున్నాడు. దాని మెడకు కట్టిన బ్యానర్ మీద నాయకుడి మాటను ఉన్నదున్నట్టు రాశారు. కింద ఎర్ర అక్షరాల్లో:

“మా చక్రానికి చెయ్యి పెట్టమన్నది ఎవరు? జవాబు నవంబర్ 30 లోగా కావాలి.”