నిన్న ఏం తిన్నారు?

నా ఉద్యోగం జనాన్ని నిన్న ఏం తిన్నారని అడగడం. ఆరోగ్యశాఖ వాళ్ల సర్వే అది. ఎంత తిన్నారో కొలిచి చూపించడానికి చిన్నా పెద్దా ప్లాస్టిక్ కప్పులు సంచీలో వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతాను. ఎవరేం చెప్పినా మొహంలో ఏ భావమూ కనిపించకూడదు, అది మొదటి నియమం. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ నియమం ఒంటబట్టడానికి నేను పడ్డ పాట్లు దేవుడికెరుక. పొద్దున ఐస్‌క్రీం, మధ్యాహ్నం మాంసం, రాత్రి పొద్దున మిగిలిన ఐస్‌క్రీం అని ఒక పెద్దాయన చెబితే, అది ఏ కప్పుకు సరిపోతుందండీ అని అడిగానే తప్ప కనుబొమ్మ కదపలేదు.

శిక్షణలో ఒక డాక్టరమ్మ చెప్పింది. కూరగాయలు సరిపడా తినక, గుండెపోటుతోనో పక్షవాతంతోనో కాలం తీరకుండానే పోయేవాళ్లు ప్రపంచం మొత్తం మీద ఏటా లక్షల్లో ఉంటారట. కొందరికి దొరకవు, కొందరు కొనలేరు, మిగతావాళ్లు కంచం పక్కకు నెట్టేస్తారు. పోయాక కాగితంలో గుండె అని రాస్తారుగాని బీన్స్ అని ఎవరూ రాయరు, అంది. మేం నవ్వబోయాం. ఆవిడ నవ్వలేదు.

మా తమ్ముడు మూడో రకం. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. ఆమధ్య లిఫ్టు పైకప్పు మీద నిలబడి పనిచేస్తుంటే కళ్లు తిరిగాయి. తోటి మెకానిక్ చొక్కా పట్టుకుని లాగాడు కాబట్టి సరిపోయింది. డాక్టరు బీపీకి మాత్రలు రాసి, ఉప్పు తగ్గించి, కంచంలో సగం కూరగాయలే తినమన్నాడు. ఆ రోజు నుంచి మరదలు ఉడకబెట్టిన కూరగాయలు క్యారేజీ నిండా పెట్టి పంపుతోంది. క్యారేజీ ఖాళీగా తిరిగొస్తోంది. బీపీ మాత్రం దిగి రావడం లేదు. డాక్టరుకూ అంతు చిక్కలేదు. మాత్రలు పెంచాడు, మళ్లీ పెంచాడు, ఇలాగే ఉంటే మెదడులో నరం ఎప్పుడైనా చిట్లొచ్చని మరదల్ని పక్కకు పిలిచి చెప్పాడు. మరదలు ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది.

ఆదివారం వాడి దుమ్ము దులిపేద్దామనే వెళ్లాను. మరదలు వంటింటి బల్ల దగ్గర నిలబడి కూరగాయలు తరుగుతోంది. వాడు తిట్లకు సిద్ధపడి కూర్చున్నాడు. తిట్టేకొద్దీ వీడికి చెవుడు వస్తుందని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అందుకని సంచీలోంచి కప్పులు తీసి బల్ల మీద వరసగా పెట్టి, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం తిన్నావో చెప్పమన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు. రొట్టె, గుడ్లు, టీ అని మొదలుపెట్టి మధ్యాహ్నానికి వచ్చాడు. క్యారేజీలో కూరగాయలు ఎంత తిన్నావంటే పెద్ద కప్పు మీద వేలు పెట్టాడు. నేను ఊరికే కూర్చున్నాను. మా పనిలో అదొక కిటుకు. కాసేపటికి వేలు చిన్న కప్పు మీదికి జారింది. ఇంకాసేపటికి బల్ల మీదికి వచ్చింది.

"ఏమీ తినలేదు. వర్క్‌షాపు కాపలా ఆయన కుందేళ్లకు పెడుతున్నా."

"కుందేళ్లు బాగున్నాయా?"

బాగా ఒళ్లు చేశాయని చెప్పాడు. మరదలి కత్తి ఆగిపోయింది. నోరు తెరవబోతుంటే వద్దని సైగ చేశాను. ఎందుకని అడగడం మా సర్వేలో లేదు. అయినా అడిగాను.

చిన్న కప్పును తీసి పెద్ద కప్పులో పెట్టాడు.

"నాన్న మంచాన పడ్డాకే కదక్కా మనింట్లో ఇవి ఉడకడం మొదలైంది. ఆ చలికాలం దాటకుండానే పోయాడు. క్యారేజీ మూత తీస్తే ఆ గది వాసనే. అది నోట్లో పెట్టుకుంటే నా వంతు వచ్చిందని ఒప్పుకున్నట్టే."

నాన్నకు చెంచాతో తినిపించింది నేనే. వీడు గుమ్మం దాటి లోపలికి వచ్చేవాడు కాదు. నా మొహం, నా నియమం అక్కడితో సరి.

"ఒరేయ్, ఆయన తిని పోలేదురా. అరవయ్యేళ్లు తినక పోయాడు," అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

"తెలుసు," అన్నాడు వాడు. "తెలిసినా గొంతు దిగట్లేదు."

డాక్టరమ్మ కూడా ఇలాంటిది చెప్పలేదు. కళ్లు తుడుచుకుని బల్ల వైపు చూస్తే మరదలు చెక్కు తీసిన క్యారెట్లు కనిపించాయి. నాన్నకు అప్పటికి ఒక్క పన్ను లేదు, ఏదైనా మెత్తగా ఉడికించి నలిపి పెట్టేవాళ్లం. అంతకుముందేమో ముట్టుకునేవాడే కాదు. ఒక పచ్చి ముక్క తీసి వాడి ముందు పెట్టాను.

"ఇది నాన్న ఎప్పుడూ తినలేదు," అన్నాను.

వాసన చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. కొరికాడు. కరకరమని నమిలాడు.

"బాగాలేదు," అన్నాడు.

మరదలు ఇంకో ముక్క కోసి ఇచ్చింది. కళ్లలోంచి కారుతున్న నీళ్లు తుడుచుకోకుండా అదీ తిన్నాడు.