పలకని ప్రకటనలు

గోవిందయ్య పాస్‌వర్డును రెండోసారి కూడా ఒక్క వేలితోనే కొట్టాడు. రెండూ ఒకటేనని కంప్యూటర్ ఒప్పుకుంది. ధర్మేంద్ర తరువాతి తెర తెచ్చాడు.

చిత్తూరు బస్టాండులో ప్రకటనల గది అది. వైరస్ పట్టిన పాత విండోస్‌ను తీసేసి, తిరుపతి నుంచి వచ్చిన కంప్యూటర్ మెకానిక్ ధర్మేంద్ర పొద్దున లినక్స్ ఎక్కించాడు. సెట్టింగులు అమర్చుకోవడం మిగిలింది. టైము దగ్గర జాబితాలో చిత్తూరు లేదు, మద్రాసు లేదు. కలకత్తా మీద నొక్కాడు.

"కలకత్తా టైము పెడితే మన బండ్లు టైముకు వస్తాయా?" అన్నాడు గోవిందయ్య.

"యా టైము పెట్టినా పుత్తూరు బండి లేటే గదన్నా. ఇంగ యూజరు పేరు. ఎవురిది పెడదాం?"

"వకుళాదేవి."

"ఆయమ్మెవురు?"

"గొంతు ఆయమ్మది."

వకుళాదేవి ఈ గదిలో అనౌన్సరు. బస్సుల వివరం గోవిందయ్య చీటీ మీద రాసిచ్చేవాడు, ఆమె మైకులో చదివేది. కంప్యూటర్ వచ్చాక ఆమెతోనే అన్ని ఊళ్ళూ చదివించి రికార్డు చేశారు. అప్పటినుంచి ఊరి పేరు మీద నొక్కడం ఆయన పని. పుత్తూరు ఫైలు చివర ఆమె మామూలుగా అన్న మాట ఒకటి ఉండిపోయింది. అది బయటికి వినబడకముందే ఆపేస్తాడు. మధ్యాహ్నం బస్సులు లేనప్పుడు హెడ్‌ఫోను పెట్టుకుని దాన్ని చివరిదాకా వింటాడు.

ధర్మేంద్ర సౌండు పరీక్షించాడు. మోత వచ్చింది. సీడీలో దాచిన ప్రకటనలను దించి పుత్తూరు మీద నొక్కాడు. ఏమీ రాలేదు.

"చెరిగిపోయినాయా?" గోవిందయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"యాడికీ పోలేదన్నా, ఉండాయి. పలకవంతే. ఇయ్యన్నీ ఎంపీత్రీ ఫైళ్ళు. వాటిని పలికించేది దీంట్లో రాదు, వేరేగా ఎక్కించాల. నెట్ సెంటరుకు పోయి దించుకోనొస్తా."

"దొరక్కపోతే?"

"ఇంకెవురితోనైనా మళ్ళా చదివించుకోవాల."

అతను వెళ్ళాడు. పుత్తూరు బస్సు వచ్చి నిలబడింది. గోవిందయ్య మైకు ముందు కూర్చుని గొంతు సవరించుకున్నాడు. అది కూడా బస్టాండంతా వినబడింది. "కార్వేటినగరం మీదుగా పుత్తూరు పోయే బస్సు..." అని, ప్లాట్‌ఫారం నంబరు కోసం కిటికీలోంచి తొంగిచూశాడు.

"ఏమప్పా, సదువు మర్సిపోయినావా?" టీ అంగడి మునస్వామి కింది నుంచి అడిగాడు. "ఆయమ్మనే పలికించబ్బా."

సాయంత్రం ధర్మేంద్ర ఇంకో సీడీతో వచ్చాడు. ఎక్కించి, స్పీకర్లు తెరిచి, పుత్తూరు మీద నొక్కి చెయ్యి తీసేశాడు. ప్రకటన అయిపోయింది. తరువాత ప్లాట్‌ఫారాలన్నిటి మీదా వినబడింది: "బాగా వచ్చిందా గోవిందయ్యగారూ?"

రికార్డు చేసిన రోజు ఆ మాటకు ఆయన తల మాత్రం ఊపాడు.

ధర్మేంద్ర నవ్వాడు. "ఈ ముక్క కత్తిరించేద్దునా? లేదంటే ఆయమ్మనే పిలిపిచ్చి ఇంకోతూరి చదివిద్దాం."

"ఆషాఢంలో కాలం చేసింది," అన్నాడు గోవిందయ్య. "ఆ ముక్క ఉండనీ."

ధర్మేంద్ర సంచి సర్దుకుని తిరుపతి బస్సెక్కాడు. గోవిందయ్య స్పీకర్లు ఆపి, హెడ్‌ఫోను పెట్టుకుని, పుత్తూరు మీద నొక్కాడు. చివరిదాకా విన్నాడు.

"బాగా వచ్చిందమ్మా," అన్నాడు.

మైకుకు ఆమె అల్లి తొడిగిన నీలం ఉన్ని టోపీ, ఊపిరి తగిలే వైపు రంగు వెలిసి ఉంది.