తొర్రిగాడి గొంతు

ముందే చెప్పేస్తున్నా, తొర్రిగాడి గొంతు ఒక ముసలావిడది. ఈ సంగతి ఆటాడే పిల్లలకి తెలిస్తే కొంప మునుగుతుందని స్టూడియోవాళ్ళు ఇన్నాళ్ళూ గుట్టుగా దాచుకొచ్చారు. మీరూ ఎక్కడా నోరు జారకండి.

ఆటంటే వీడియో గేమ్, పేరు 'కునుకు లోకం'. పడుకున్న పిల్లలు దిండు పట్టుకుని కిటికీలోంచి కలల్లోకి ఎగిరిపోతారు. అక్కడ వాళ్ళకి దారి చూపించే ఏడేళ్ళ పిల్లాడే తొర్రిగాడు. ముందు పళ్ళు ఊడిపోవడంతో, 'స' అనాల్సిన చోటల్లా వాడి నోట్లోంచి గాలి తన్నుకొచ్చేది. మబ్బు అంచున నిలబడి "దూకేఫ్తున్నా, పట్టుకో!" అని వాడు అరిస్తే చాలు, ఇళ్ళల్లో పిల్లలు సోఫాల మీంచి దూకేవాళ్ళు. ఎన్ని సోఫాలు విరిగాయో ఆ తల్లుల్నే అడగాలి.

ఆ గొంతు పిన్నిగారిది. స్టూడియోలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పిన్నిగారే. చంటిపిల్ల ఏడుపు దగ్గర్నుంచి బడిపిల్లాడి మారాం దాకా ఏదైనా ఇట్టే పలికించేస్తుంది. కానీ ఆ తొర్రి మాత్రం నటన కాదండోయ్. మొదటి భాగం రికార్డింగ్ నాటికి ఆవిడ ముందు పళ్ళు నిజంగానే ఊడిపోయాయి.

ఆ తర్వాత ఏమైందంటే, ఆవిడ కూతురు పళ్ళ డాక్టరు. "నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతావేంటమ్మా, చూళ్ళేక చస్తున్నా" అని పోరి పోరి, దవడలోకి మరలు బిగించి మరీ కొత్త పళ్ళు పెట్టేసింది. పిన్నిగారు అద్దం ముందు నిలబడి మురిసిపోయింది. దారినపోయేవాళ్ళని చూసి కూడా నవ్వింది. సరిగ్గా అప్పుడే, మొదటి భాగం వచ్చిన రెండేళ్ళకి, ఆట రెండో భాగానికి కబురొచ్చింది.

గాజు గదిలో మైకు ముందు నిలబడి ఒక్క మాట అందో లేదో, అవతల కుర్ర డైరెక్టరు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టాడు.

"పిన్నిగారూ, తొర్రేదండీ?"

పిన్నిగారు నవ్వి చూపించింది. ఆ పళ్ళు తళతళా మెరిశాయి. పాపం, అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

"తొర్రి లేకపోతే తొర్రిగాడెక్కడండీ? పిల్లలు నన్ను బతకనిస్తారా?"

ఆ వారమంతా పిన్నిగారు పడని పాట్లు లేవు. పెదవి కింద దూది పెట్టుకుంది. నాలుక పళ్ళకి ఆనించి పలికింది. ఎన్ని చేసినా, పెద్దావిడ ముద్దుమాటలు ఆడుతున్నట్టుందే తప్ప తొర్రిగాడు పలకలేదు. వంటింట్లో ఆ సాధన వినీ వినీ మొగుడు, "ఏంటే, పంపు లీకవుతోందా?" అన్నాడు. ఆయనకెప్పుడూ వేళాకోళమే.

చివరికి కూతురి క్లినిక్‌కి వెళ్ళి కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది.

"ఒసేయ్, ఈ ముందువి పీకెయ్యవే."

"అమ్మా! మతిగానీ పోయిందా? అవేమన్నా గోడకి కొట్టిన మేకులా?"

"మేకులైనా నయం, ఊడొస్తాయి."

కూతురు చేతిలోది పక్కన పెట్టి దగ్గరకొచ్చింది. "ఇన్ని పాత్రలు చేశావు. ఇదొక్కటీ పోతే ఏమైందమ్మా?"

పిన్నిగారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీకు అమ్మని, నీ పిల్లలకి అమ్మమ్మని. లేస్తే మోకాళ్ళు, కూర్చుంటే నడుం. ఆ గదిలో నిలబడితే మాత్రం నాకు ఏడేళ్ళే. నేను నిజంగా ఎగురుతానే! నా మబ్బుమీద ఇంకొకళ్ళు నిలబడితే నేను చూడలేను."

కూతురు పళ్ళు పీకలేదు గానీ, అమ్మని పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

డైరెక్టరూ చెడ్డవాడేం కాదు. ఆవిడంటే ప్రాణం, కానీ అతని తిప్పలు అతనివి. తన మేనల్లుడికి అచ్చంగా ముందు పళ్ళు ఊడాయని తెలిసి, వాణ్ణి తీసుకొచ్చాడు. "మొదటి భాగం ఆడిన పిల్లల్నే పిలుద్దాం పిన్నిగారూ. ఇద్దరి గొంతులూ వినిపిద్దాం. వాళ్ళు ఎవరంటే వాళ్ళు." పిన్నిగారు సరేనంది. అనక ఏం చేస్తుంది?

పిల్లలు పక్క గదిలో తివాచీ మీద కూర్చున్నారు. వాళ్ళకి మనుషులు కనిపించరు, గొంతులే వినిపిస్తాయి. ముందు మేనల్లుడు చదివాడు. తొర్రి దివ్యంగా ఉంది.

"వీడెవడో పాఠం అప్పజెబుతున్నాడు" అందొక పిల్ల. పిల్లల గదిలో మైకు తెరిచే ఉండటంతో పిన్నిగారి చెవుల్లో ప్రతి మాటా పడుతోంది.

మేనల్లుడు బయటికెళ్ళాడు, ఆవిడ వంతొచ్చింది. ఎన్నాళ్ళకో కలలోకి తిరిగొచ్చిన నేస్తాన్ని తొర్రిగాడు చూసే ఘట్టం అది. నాలుక పళ్ళకి ఆనించాలి, గాలి వదలాలి, అని వంద సార్లు అనుకుని మొదలుపెట్టింది. కానీ మబ్బుమీద నేస్తం కనబడగానే ఆ జాగ్రత్తలన్నీ గాలికిపోయాయి.

"వచ్చావా! ఇన్నాళ్ళూ నిద్రే పోలేదేంట్రా దొంగా? రోజూ ఇక్కడే కూర్చుని చూస్తున్నా! పద, దూకేస్తున్నా, పట్టుకో!"

ప్రతి 'స' సుబ్బరంగా పలికింది. గాజు అవతల డైరెక్టరు తల పట్టుకున్నాడు. అయిపోయింది, చేతులారా పోగొట్టుకున్నాననుకుంది పిన్నిగారు.

"వాడే!" అని అరిచింది ఇందాకటి పిల్ల.

"కాదు. తొర్రిగాడికి 'స' రాదు" అన్నాడు ఒక పిల్లాడు.

"పళ్ళొచ్చుంటాయిరా మొద్దూ! నాకు రాలేదూ? నీకు రాలేదూ? మొన్నటిదాకా నీకూ తొర్రేగా!"

ఆ పిల్లాడు ముందు పళ్ళు తడుముకుంటున్నాడేమో.

"అంటే," అన్నాడు మెల్లగా, "మనం రాకపోయినా, వాడు మనతోపాటే పెద్దవుతున్నాడా?"

డైరెక్టరు అవతల గంతులేస్తున్నాడు. అంతలో పక్క గది తలుపు ధడాలున తెరుచుకుంది. "వాణ్ణి చూద్దాం పదండి!" అంటూ పిల్లలంతా పరుగెత్తుకొస్తున్నారు.

పిన్నిగారు మోకాళ్ళ సంగతే మర్చిపోయి బల్లకిందికి దూరింది. గాజుకి వరసగా ముక్కులు అతుక్కున్నాయి.

"ఎవరూ లేరే!"

"ఎగిరిపోయుంటాడు."

"అవును, ఎగిరిపోయాడు" అని అందరూ ఒప్పేసుకుని, ఆకాశం కనిపించే కిటికీ వైపు పరుగెత్తారు. పిన్నిగారు బల్లకింద నోటికి చెయ్యడ్డం పెట్టుకుని, వాళ్ళకి వినబడకుండా కడుపుబ్బా నవ్వుతోంది.