స్టార్టరు డబ్బా మూత తీసే పాఠం

నేను ఒక వీడియో పాఠాన్ని. నాలుగు నిమిషాల ప్రాణం నాది. బోరు మోటారు స్టార్టరులో ఊడిన వైరు ఎలా బిగించాలో చెప్పి ఊరుకుంటాను.

పుట్టినప్పుడు నేనింత పొట్టిగా లేను. ఐటీఐలో కరెంటు పని నేర్పే ఖాజావలి సారు గంటసేపు చెప్పారు. ముందుగా ఫీజులు మూడూ పీకి జేబులో వేసుకున్నారు. "కరెంటు లేదు కదా అని చెయ్యి పెట్టేరు. ఆటో పెట్టున్న మోటారు కరెంటు రాగానే తిరుగుతుంది, మిమ్మల్ని అడగదు" అన్నారు. ఆ మాట నాకు తెలుసు. నాలో లేదు, అంతే.

పాఠాలను ముక్కలు కోసే ప్రత్యూష, "ఒక పాఠానికి ఒకటే సంగతి సార్. అంతసేపు ఎవరూ చూడరు" అంది.

"మరి ఫీజుల మాటమ్మా?"

"అది దీని ముందు పాఠం సార్. చూసుకునే వస్తారు."

మనుషులు మెట్లన్నీ ఎక్కే పైకి వస్తారని ఆ పిల్ల నమ్మకం.

శివపార్వతి నేరుగా నా దగ్గరికే వచ్చింది. మిరప తోట వాడిపోతోంది. మెకానిక్ రేపొస్తానన్నాడు. లైనులో కరెంటు లేదు. ఫోను డబ్బా మీద ఆనించి, నన్ను రెండింతల వేగంతో పరుగెత్తించింది.

"ఫోను చూసి మోటారు బాగుచేస్తావంటే? రేపు నా పళ్ళు కూడా కట్టించు" అంది గట్టు మీద నుంచి అత్త నాగేంద్రం.

"నువ్వు కాసేపు నోరు కట్టుకో అత్తా, వినపడి చావట్లా."

మూత తీయమన్నాను, తీసింది. వైరు పట్టుకోమన్నాను, పట్టుకుంది. ఫీజులు ఫీజుల చోటే ఉన్నాయి. ఆటో మీట పైకే ఉంది. అరుద్దామంటే నాకున్నవి సారు మాటలే, అవీ కోయగా మిగిలినవే.

ఏ మర బిగించాలో ఆమెకు అందలేదు. నా వేగం అలాంటిది. విసుక్కుని, నన్ను వెనక్కి జరపడానికి చెయ్యి బయటికి తీసింది.

డబ్బాలో ఏదో టకామని కొట్టుకుంది. వైరు కొసన రవ్వలు లేచాయి.

"ఏందే అది?"

"కరెంటొచ్చింది." శివపార్వతి డబ్బాకి దూరంగా జరిగింది. "ఇప్పుడే తీశా అత్తా చెయ్యి."

నాగేంద్రం గట్టు దిగి వచ్చి, కోడలి చేతిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఆ సాయంత్రమే శివపార్వతి నా కింద రాసింది: "ఫీజులు పీకమని ఇందులో ఎందుకు చెప్పలేదు సారూ?" అది చదివి ఖాజావలి సారు అన్నం ముందు నుంచి లేచారట. మర్నాడే ఫీజులతో మొదలయ్యే కొత్త పాఠం పెట్టి, నన్ను తీసేశారు. మంచి పని చేశారు.

కానీ నన్ను ఎందరు ఫోన్లలోకి దింపుకుని దాచుకున్నారో, ఎన్ని ఊళ్ళ గ్రూపుల్లోకి పంపుకున్నారో సారుకు తెలియదు. ఇప్పుడు కూడా ఎక్కడో ఒక పొలంలో ఎవరో నన్ను నొక్కుతున్నారు. మూత తీయమనే చెబుతున్నాను.