రేపు పదకొండు మంది

శనివారం సాయంత్రం ఆరు దాటాక రాకేశ్ ఫోన్ చేసి చెప్పే మాట ఒకటే. "రేపు తొమ్మిది మంది." ఒక్కో వారం ఆరుగురు, ఒక్కో వారం పద్నాలుగు మంది. అంకె మారేది గానీ మాట మారేది కాదు. ఆ మాట వినగానే సునంద ఫోన్ పక్కన పెట్టి, ఉల్లిగడ్డల బుట్ట ముందుకు లాక్కునేది.

రాకేశ్ ప్లాట్లు అమ్ముతాడు. కొంగరకలాన్ చుట్టుపక్కల జొన్నచేలన్నీ తెల్లరాళ్ళు పాతిన ప్లాట్లుగా మారిపోతున్న రోజులవి. ఆదివారం పొద్దున్నే సిటీ నుంచి కార్లలో వచ్చేవాళ్ళకు వెంచర్ చూపించి, మధ్యాహ్నం ఇబ్రహీంపట్నంలోని తన ఇంటికే భోజనానికి తీసుకొచ్చేవాడు. "హోటల్ల తిన్నోడు మర్చిపోతడు. ఇంట్ల తిన్నోడు మొగమాటానికన్న మళ్ళొస్తడు" అని అతని లెక్క. నాటుకోడి కూర, జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. అయిదేళ్ళుగా ఇదే.

వాళ్ళు ముందుగదిలో తింటుంటే సునంద వంటింటి తలుపు వెనక నిలబడేది. రాకేశ్ వెనక్కి చెయ్యి చాపితే రొట్టె, గ్లాసు ఎత్తితే నీళ్ళు. అతని తల్లి నీలమ్మ వెనకగదిలో ఉండాలి. ముతక చీర, మోటు మాట సిటీ వాళ్ళ ముందు బాగుండదని కొడుకే చెప్పాడు. తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కుంటూ "మంచి భోజనం పెట్టారండీ" అని రాకేశ్‌తో అనేవారు. అతను నవ్వేవాడు. కార్లు వెళ్ళిపోయాక సునంద అడిగేది, "ఉప్పు సరిపోయిందా?" అని. అతను ఫోన్లోంచి తల ఎత్తకుండానే "తిన్నరు గద" అనేవాడు.

సునందకు కష్టంగా లేదా అంటే, ఆమె అట్లా ఆలోచించుకోలేదు. వాళ్ళ బాపు బాలరాజ్ క్రషర్‌లో రాళ్ళు మోసి ఆమెను డిగ్రీ దాకా చదివించాడు. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి మనిషి ఆమె. అందుకని చిన్నప్పటి నుంచీ ఎవరు ఏమిచ్చినా తలొంచి తీసుకోవడం అలవాటైపోయింది. బాపు చదివించాడు, రాకేశ్ ఉద్యోగం చెయ్యనిస్తున్నాడు. "మా దోస్తుల భార్యలు ఒక్కరన్న గడప దాటుతున్నరా? నేను పంపుతున్న గద" అని అతను అన్నప్పుడల్లా నిజమే కదా అనుకునేది. పొద్దున నాలుగున్నరకు లేచి, మూడు టిఫిన్ డబ్బాలు కట్టి, అత్తకు మందులిచ్చి, ఎనిమిదిన్నరకు బడిలో సంతకం పెట్టేది. ఆ నాలుగు గంటల పనికి ఎవరైనా తనకు రుణపడి ఉంటారేమోనన్న ఆలోచన ఆమెకు ఎన్నడూ రాలేదు.

ఆమె శేరిగూడ దారిలో ఉన్న చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆ ఏడాది డ్రిల్లు సార్ మానేశాడు. హెడ్మాస్టర్ విద్యాసాగర్ ఆమెను పిలిచి, "ఆడపిల్లల ఫుట్‌బాల్ టీం ఉందమ్మా. లేడీ టీచర్ ఎవరన్నా వెంట ఉండాలె. మీరైతే కాదనరు" అన్నాడు. కాదనరు అన్న మాట మెచ్చుకోలో ఏమిటో తేలకుండానే ఆమె తల ఊపింది.

మొదటి మ్యాచ్ హయత్‌నగర్ బడితో. ఆరు గోల్స్ తిన్నారు, ఒక్కటీ వెయ్యలేదు. బాల్ ఎటు పోతే పదిమందీ అటే ఉరికారు. గోల్ ముందు నిలబడ్డ గజాలా బాల్ వస్తుంటే రెండుసార్లు కళ్ళు మూసుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో సునంద ఆ పిల్లనే అడిగింది.

"నిన్ను గోల్‌ల ఎవరు పెట్టిండ్రు గజాలా?"

"డ్రిల్లు సార్ పెట్టిండు మేడం. ప్రేయర్ల ఎట్ల నిలబడ్తమో గట్లనే. పొట్టోళ్ళు ముంగట, పొడుగోళ్ళు ఎనక. నేను అందరికంటె పొడుగు గద."

సునందకు నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. మూడేళ్ళ నుంచి ఆ పిల్లలు ప్రార్థన వరుసలోనే ఫుట్‌బాల్ ఆడుతున్నారు.

ఆ వారమంతా రొట్టెలు కాలుస్తూ ఫోన్లో ఫుట్‌బాల్ వీడియోలు చూసింది. వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు, గోల్‌లో ఒకరు. లెక్కల కాపీ పుస్తకంలో గీతలు గీసి ఆ గళ్ళల్లో పిల్లల పేర్లు రాసింది. అదీ కుదరలేదు. వెనక ఆపడానికి నలుగురు కావాలంటే ముగ్గురే ఉన్నారు. మధ్యలో ఆడగలిగేవాళ్ళు మాత్రం అయిదుగురు తేలుతున్నారు. గీసిన బొమ్మను పట్టుకుని పిల్లల్ని అందులోకి తోస్తున్నానే గానీ, ఈ పిల్లలకు ఏ బొమ్మ నప్పుతుందో చూడట్లేదని తట్టింది. అసలు ఈ పిల్లల గురించి తనకేం తెలుసు? లెక్కల్లో ఎవరికెన్ని మార్కులో తెలుసు. అంతే.

మర్నాడు గ్రౌండ్‌లో అందర్నీ కూర్చోబెట్టి, "ఇంట్ల ఏమేం పని చేస్తరో చెప్పుండ్రి" అంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆటకీ అంట్లకీ ఏం సంబంధం?

అందరికంటే పొట్టిది సంతోషి. వాళ్ళమ్మ కూరగాయల వ్యాపారం. తెల్లారుజామున ట్రాలీ మీద నుంచి విసిరే క్యాబేజీలు కింద నిలబడి పట్టేది సంతోషే. "ఒక్కటి కిందపడితె మా అమ్మ సంపుతది" అంది. సునంద ఆ పిల్ల చేతుల వంక చూసి, గోల్ దగ్గరికి పంపింది. ఇద్దరు తమ్ముళ్ళను రోడ్డు మీదికి పోకుండా రోజంతా అడ్డం పడి కాసే మరియ వెనక నిలబడింది. కంపెనీకి పోయే ఎల్లయ్య కూతురైతే ఇంట్లో ఏ పనీ చెయ్యనంది. పక్కపిల్ల ఊరుకోలేదు. "అబద్దం మేడం! వాళ్ళ నాయిన రోజు టిఫిన్ మర్చిపోతడు. ఆదిభట్ల కంపెనీ బస్సు కదిలేలోపు ఇది ఉరికి ఇచ్చొస్తది!" ఆ పిల్ల ఫార్వర్డ్ అయింది.

గజాలా చివర్న చెప్పింది. వాళ్ళ అబ్బా షబ్బీర్‌కు పన్నెండు మేకలు. బడి అయ్యాక మేపేది ఆమే. "మస్తు కష్టం మేడం. అన్నీ ప్లాట్లాయె, గడ్డి ఏడుంటదో ఎతకాలె. మన దగ్గరున్న మేకను చూసుడు కాదు, ఉరకబోయే మేకను చూడాలె."

"నువ్వు నడుమ ఆడు" అంది సునంద. వెనక ముగ్గురు, మధ్యలో అయిదుగురు, ముందు ఇద్దరు. కాపీలో కొత్త బొమ్మ గీసింది. ఈసారి పేర్లు ముందు రాసి, గీతలు తర్వాత గీసింది.

"మరి మీరో మేడం?" అంది గజాలా. "మీ ఇంట్ల మీరు యాడ నిలబడ్తరు?"

"తలుపెనక" అంది సునంద నవ్వుతూ. పిల్లలంతా నవ్వారు.

గజాలాకు మాత్రం నవ్వు రాలేదు. నిజంగానే ఆలోచించి, "తలుపెనక నిలబడి ఏం ఆడుతరు మేడం? బాలే కనబడది గద" అంది.

ఆ మాట సునందతో పాటే ఇంటికొచ్చింది. అంట్లు తోముతుంటే వచ్చింది, చపాతీ పిండి కలుపుతుంటే వచ్చింది. ఎవరి మీదా కోపం రాలేదు, అదే విచిత్రం. ఇన్నేళ్ళకు ఎవరో తనను ఫలానా చోట నిలబడ్డ మనిషిగా చూసి, అక్కడెందుకు నిలబడ్డావని అడిగారు. అందుకు ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి రావలసింది అనుకుంది.

రెండు నెలల తర్వాత హయత్‌నగర్‌తోనే మళ్ళీ మ్యాచ్ పడింది, ఆదివారం నాడు. ఆదివారం ఇంట్లో వీలుకాదని సునంద చెప్పబోయేలోపే విద్యాసాగర్ తేలిగ్గా అన్నాడు. "లేడీ టీచర్ లేకుండా పంపలేం. మీకు కుదరకపోతే టీం పేరు తీసేయిద్దాం లెండి. ఆడపిల్లలే కదా, ఏమనుకోరు." సునంద కిటికీలోంచి చూసింది. గ్రౌండ్‌లో సంతోషి ఎగిరి బాల్ పట్టుకుని, మట్టిలో పడి, లేస్తూనే అరుస్తోంది. "తియ్యకుండ్రి సార్. నేను పోత" అంది. తన నోటి నుంచే వచ్చిందా అని ఒక్క క్షణం అనుమానం వేసింది.

శనివారం ఆరు దాటాక ఫోన్ మోగింది.

"రేపు పదకొండు మంది."

"నాకు గూడ రేపు పదకొండు మందే" అంది సునంద.

రాకేశ్ ఇంటికొచ్చేదాకా ఆ మాట అర్థం చేసుకోలేదు. అర్థమయ్యాక చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. "పోరగాండ్లు గ్రౌండ్ల దుంకనీకి నువ్వెందుకు? ఇంకెవలన్న పోరాదు? ఉద్యోగం చెయ్యనిస్తున్న గద, దానికి గిదా?"

సునంద లెక్కల కాపీలోంచి ఒక కాగితం అతని ముందు పెట్టింది. అందులో ఫుట్‌బాల్ గ్రౌండ్ లేదు. తమ ఇల్లు, దూరంగా వెంచర్ గీసి ఉన్నాయి. వెంచర్ దగ్గర నీలమ్మ పేరు. పొయ్యి దగ్గర రాకేశ్ పేరు. వంటింటి తలుపు వెనక ఖాళీ.

"గిదేంది?"

"ప్లాట్ల కాడ నీళ్ళు పడ్తయా, వాన పడితే నిలుస్తదా అని అడిగితే నువ్వు తడబడ్తవు. నువ్వే చెప్పినవ్ పోయినవారం. అత్తమ్మ ఆ చేలల్ల నలభై ఏండ్లు ఇత్తనమేసింది, కలుపు తీసింది. ఏడ బాయి ఉండెనో, ఏడ నల్లరేగడో ఆమెకే ఎరుక. కార్లను ముందు ఇంటికి రమ్మను, అత్తమ్మ ఎక్కి పోయి చూపిస్తది."

వెనకగది గుమ్మంలోకి నీలమ్మ వచ్చి నిలబడింది. "నేనా? గా కార్లల్ల వచ్చేటోళ్ళ తోనా?" అంది. వద్దని మాత్రం అనలేదు.

"మరి నేను పొయ్యి కాడ కూసోవాల్నా?" రాకేశ్ నవ్వబోయాడు. "నలుగురు చూస్తే ఏమంటరు?"

ఈ మాట వస్తుందని సునందకు తెలుసు. బోనాలకు, దావతులకు రాకేశ్ వండే కూర కోసం వాడకట్టంతా ఎదురుచూస్తుంది. లుంగీ ఎగగట్టి, ఆరుబయట మూడు రాళ్ళ మీద పెద్ద గిన్నె పెట్టి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా వండుతాడు. అదే గిన్నె వంటింట్లో పెడితే మాత్రం దాన్ని ముట్టడు. బయట వండితే మగవాళ్ళ పనితనం, లోపల వండితే ఆడవాళ్ళ పని. ఇది ఆ వాడలో ఎవరూ రాసుకోని నియమం. పెళ్ళయిన ఈ ఎనిమిదేళ్ళలో ఆ నియమంతో కొట్లాడాలని ఆమెకు తోచలేదు, ఇప్పుడు కొట్లాడే అవసరమూ కనబడలేదు.

"పొయ్యి వాకిట్ల పెట్టిన. మూడు రాళ్ళు, కట్టెలు తెచ్చి పెట్టిన. రొట్టెలు నేను పొద్దుగాల్నే చేసి పోత" అంది.

రాకేశ్ తల్లి వైపు చూశాడు. ఆమె అప్పటికే బీరువా తెరిచి, పెళ్ళిళ్ళకు తప్ప కట్టని చీర వెతుకుతోంది. తల తిప్పకుండానే అంది: "బోనాలప్పుడు వండవారా? గప్పుడు రాని సిగ్గు గిప్పుడు యాడికెళ్ళి వచ్చె?"

అతను సరేననలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. కానీ ఆదివారం పొద్దున ఏడింటికి సునంద బ్యాగు భుజానికేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి, లుంగీ ఎగగట్టి రాళ్ళు సరిచేస్తున్నాడు. "గిట్లనా రాళ్ళు పెట్టుడు? గాలి ఎటుకెళ్ళి పోతది?" అని విసుక్కున్నాడు. ఆ విసుగులో ఆమెకు వంటవాడి పట్టింపు వినబడింది.

హయత్‌నగర్ గ్రౌండ్‌లో తొలి పదినిమిషాల్లోనే అవతలివాళ్ళు ఒక గోల్ వేశారు. సంతోషి బాల్ తీసుకుని మధ్యలోకి విసురుతూ, "ఒక్క క్యాబేజీ పడ్డది, ఇంక పడనియ్య!" అని అరిచింది. పడనివ్వలేదు. రెండో సగంలో గజాలా దగ్గరికి బాల్ వచ్చింది. అందరూ ఆమె కాళ్ళ వైపు చూస్తుంటే ఆమె మాత్రం అటు కుడిపక్కకు చూసింది. ఎల్లయ్య కూతురు అప్పుడే కదలబోతోంది. బాల్ అటే పోయింది. బస్సు కదిలేలోపు అందుకునే పరుగుతో ఆ పిల్ల బాల్‌ను అందుకుని గోల్‌లోకి కొట్టింది.

ఒకటికి ఒకటి. ఎవరూ గెలవలేదు. తిరిగొచ్చే బస్సులో పిల్లలు గెలిచినంత గోల చేశారు. సునంద కిటికీ పక్కన కూర్చుని ఎవరెవరికో మనసులోనే దండం పెట్టుకుంది. రాళ్ళు మోసిన బాపుకి, క్యాబేజీలు విసిరే సంతోషి వాళ్ళమ్మకి, పన్నెండు మేకలకి. ఇన్నాళ్ళూ తన కృతజ్ఞత అంతా ఒక్కచోటే కుప్ప పోసి పెట్టింది. దాన్ని ఇంతమందికి పంచాలని తెలియలేదు. పంచుతున్నకొద్దీ మనసు తేలికైంది.

ఇల్లు చేరేసరికి నాలుగైంది. కార్లు వెళ్ళిపోయాయి. నీలమ్మ వాకిట్లో మంచం మీద ఆ చీరలోనే కూర్చుని ఉంది. "ఒక మేడం నా చెయ్యి వట్టుకొని తిరిగింది పిల్లా. కారెక్కేదాక ఇడువలే. బాయి పూడిసిన జాగ చూపిస్తె, నిజం చెప్పినవమ్మా అన్నది" అంది. ఆ మొహం అట్లా వెలగడం సునంద కోడలుగా వచ్చాక ఎప్పుడూ చూడలేదు.

రాకేశ్ కళ్ళు పొగకు ఎర్రబడి ఉన్నాయి. ఆమె కోసం తీసిపెట్టిన కూర గిన్నె ముందు పెట్టి, పక్కనే నిలబడ్డాడు. వెళ్ళిపోలేదు. ఫోన్ కూడా చేతిలో లేదు. "అందరు అమ్మ ముచ్చట్లల్లనే ఉన్నరు. కూర ఎట్లుందని ఒక్కడు అనలే" అన్నాడు.

సునంద రొట్టె తుంచి కూరలో ముంచింది. అతను ఆమె నోటి వైపే చూస్తూ, గుమ్మానికి ఆనుకుని, ఆగలేక అడిగాడు.

"ఉప్పు సరిపోయిందా?"

ఆ ప్రశ్న అడిగి జవాబు కోసం నిలబడటం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. అందుకే అతన్ని ఎక్కువసేపు నిలబెట్టలేదు.

"సరిపోయింది. మస్తుంది" అంది. "వచ్చే ఆదివారం గూడ గింతే వెయ్యి."